మన ఇళ్ళల్లో సి.ఐ.డి. వాళ్ళు

(సంఘం వార్షిక సమావేశంలో కర్గీ రోడ్ నివాసి, విశ్రాంత సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం "విశ్రాంత జీవితంలో కాలక్షేపం". నేను ఇంటర్మీడియట్ అయ్యాక 1988లో నర్మదా ఎక్స్‌ప్రెస్ ఎక్కి జబల్‌పూర్ వెళ్ళి సిగ్నల్స్‌లో చేరినవాణ్ణి. పెద్ద ఉపన్యాసాలు నాకు రావు. మార్నింగ్ వాక్ చేయండి, యోగా చేయండి, భగవద్గీత చదవండి అని చెప్పొచ్చు. అవన్నీ మంచివే. కానీ నిజం మాట్లాడుకుందాం. మన ఇళ్ళల్లో కాలక్షేపం అంటే టి.వి. ఆ టి.వి.లో కూడా మన మాజీ సైనికుల ఇళ్ళల్లో ఎక్కువగా వినిపించిన గొంతు ఒకటుంది. "కుఛ్ తో గడ్‌బడ్ హై, దయా!" చూశారా, హాలంతా నవ్వేశారు. అంటే ఎవరికీ చెప్పక్కర్లేదన్నమాట.

కాబట్టి నేను ఈ పూట సి.ఐ.డి. సీరియల్ గురించి, అందులో మనుషుల మీద మనం పెంచుకున్న అభిమానం గురించి మాట్లాడతాను. ఇది నవ్వులాటగా మొదలైనా నవ్వులాటతో పోయే విషయం కాదు. చివరిదాకా వినమని మనవి.

సోనీ చానల్లో ఈ సీరియల్ 1998 జనవరి 21న మొదలైంది. సృష్టికర్త బి.పి.సింగ్‌గారు. ఎ.సి.పి. ప్రద్యుమన్‌గా శివాజీ సాటమ్, ఇన్‌స్పెక్టర్ దయాగా దయానంద్ శెట్టి, అభిజీత్‌గా ఆదిత్య శ్రీవాస్తవ, ఫ్రెడరిక్స్‌గా దినేష్ ఫడ్నిస్, డాక్టర్ సాలుంఖేగా నరేంద్ర గుప్తా. 2018 అక్టోబరు 27 వరకు, దాదాపు 21 ఏళ్ళు, పదిహేను వందలకి పైగా ఎపిసోడ్లు వచ్చాయి. 2004లో ఒకసారి 111 నిమిషాల ఎపిసోడ్‌ని కెమెరా ఎక్కడా ఆపకుండా ఒకే షాట్‌లో తీసి గిన్నిస్ రికార్డు కొట్టారు. పెరేడ్ రిహార్సల్ చేసినవాళ్ళకి దాని కష్టం తెలుస్తుంది. చివరి నిమిషంలో ఒకడి కాలు తప్పితే మళ్ళీ మొదటి నుంచి.

నేను 2018 సెప్టెంబరు ఆఖర్న 30 ఏళ్ళ సర్వీసు ముగించుకుని వచ్చాను. నెల తిరక్కుండానే వాళ్ళూ ఆపేశారు. మా అమ్మ అంది కదా, "ఏట్రా, నీకూ ఆలకీ ఒక్కసారే పింఛను వొచ్చిందేటి?" అని.

ఇంతకీ మనవాళ్ళకి ఆ సీరియల్ ఎందుకు అంతగా పట్టింది? దొంగ ఎవరో తెలుసుకోవాలన్న కుతూహలం ఒక్కటే అయితే పుస్తకాల షాపులో డిటెక్టివ్ నవలలు బోలెడున్నాయి. నాకు తోచిన కారణం చెబుతాను. అది ఒక యూనిట్. పైన ఒక పెద్దాయన. తిడతాడు, కానీ కుర్రాళ్ళ మీద చెయ్యి పడనివ్వడు. బలానికి ఒకడు, బుర్రకి ఒకడు. అందర్నీ నవ్వించే ఒక అమాయకుడు. ల్యాబులో ప్రతిదానికీ పెద్దాయనతో పోట్లాడే పాత స్నేహితుడు. మన ప్రతి ప్లాటూన్‌లోనూ ఈ ఐదుగురూ ఉన్నారా లేదా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. ఇప్పుడు నేను పేర్లు చదువుతుంటే మీ కళ్ళ ముందు మీ మీ యూనిట్ల మనుషులే కదా కదిలారు!

ఒక్కటే తేడా. మన యూనిట్లలో రెండు మూడేళ్ళకి పోస్టింగ్ ఆర్డర్ వచ్చేస్తుంది. కలిసి ఒకే ప్లేటులో తిన్నవాడు ట్రంకు పెట్టె భుజాన వేసుకుని లారీ ఎక్కి వెళ్ళిపోతాడు. తర్వాత ఎక్కడున్నాడో తెలియదు. సి.ఐ.డి.లో ఆ ముగ్గురు నలుగురూ కదల్లేదు. 20 ఏళ్ళు అదే గది, అదే పెద్దాయన, అదే వేళ్ళు తిప్పడం. అభిమానం గొప్ప గొప్ప సంఘటనల వల్ల పుట్టదండీ, హాజరీ వల్ల పుడుతుంది. 1989లో దూరదర్శన్‌లో "ఫౌజీ" వచ్చింది. తీసినవారు కర్నల్ రాజ్ కపూర్‌గారు, అభిమన్యు రాయ్‌గా వేసింది కుర్రవాడైన షారుఖ్ ఖాన్. మనవాళ్ళ కథే. ఎంతో బాగుండేది. కానీ 13 ఎపిసోడ్లతో అయిపోయింది. ఇష్టపడ్డాం, మర్చిపోలేదు, కానీ ఇంట్లో మనిషి కాలేదు. ప్రద్యుమన్‌గారు ఇంట్లో మనిషి అయ్యారు. ఎందుకంటే ఆయన వారం వారం గిన్తీకి నిలబడ్డారు.

ఇక మా ఊరి సంగతి. బిలాస్‌పూర్ నుంచి కట్నీ వెళ్ళే లైన్ మీద కర్గీ రోడ్ ఒక చిన్న స్టేషను. స్టేషను పేరు కర్గీ రోడ్, ఊరి పేరు కోటా. పూర్వం బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనవాళ్ళు ఈ లైన్ల మీద పనికి వచ్చి స్థిరపడ్డారు. మా నాన్న అలా వచ్చినవాడే. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ. 1998లో ఇది ఇంకా మధ్యప్రదేశే. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ అయింది. అప్పుడప్పుడే లైన్లలోకి కేబుల్ వైరు వచ్చింది. ఒక ఇంట్లో టి.వి. ఉంటే నాలుగిళ్ళవాళ్ళు చేరేవారు.

ఆ మరుసటి ఏడే కార్గిల్ యుద్ధం. మా ఊరి పేరుతో నాకు అప్పట్లో పెద్ద తంటా. సెలవులో వస్తుంటే బండిలో "ఎక్కడికి?" అని అడిగేవారు. "కర్గీ" అనేవాణ్ణి. కార్గిల్ అనుకుని లేచి సీటిచ్చేవారు. కాదండీ, కర్గీ రోడ్, బిలాస్‌పూర్ దగ్గర అంటే మొహం చిన్నబుచ్చుకునేవారు. కానీ 1999 మే, జూన్, జూలై నెలల్లో నేను నిజంగానే ఆ పైన ఉన్నాను. మన సిగ్నల్స్ వాళ్ళ పని మీకు తెలుసు. లైన్ తెగుతుంది, వెళ్ళి కలపాలి. మళ్ళీ తెగుతుంది, మళ్ళీ వెళ్ళి కలపాలి. అందరి మాటలూ అటూ ఇటూ చేరవేసిన నేను ఇంటికి ఒక్క మాట పంపలేకపోయాను. 56 ఎ.పి.ఓ. చిరునామాతో ఇన్‌ల్యాండ్ లెటర్లు వెళ్ళాయి, కానీ ఎప్పటికో.

ఆ నెలలన్నీ మా అమ్మ ఒక్క వారం కూడా సి.ఐ.డి. మానలేదట. ఈ సంగతి తర్వాత మా ఆవిడ చెప్పింది. అమ్మకి దయా అంటే ప్రాణం. "ఒడ్డూ పొడుగూ అచ్చం మా వోడే" అనేది. నేను ఐదడుగుల ఆరంగుళాలు. ఆ దయానంద్ శెట్టిగారు డిస్కస్ త్రో ఆడిన మనిషి, తలుపులు బద్దలు కొట్టేవాడు. నాకూ ఆయనకీ పోలిక ఎక్కడ? కానీ అమ్మ లెక్క అమ్మది. ఆ వారం దయా క్షేమంగా ఉంటే కొడుకు క్షేమంగా ఉన్నట్టు. తెర మీద దయాకి దెబ్బ తగిలిందంటే ఆ రాత్రే పైడితల్లమ్మ పటం ముందు దీపం పెట్టేదట. వీధిలో ఆడవాళ్ళు నవ్వేవారట, "ముసల్దానికి టి.వి. పిచ్చి పట్టింది" అని.

ఆ దీపం దయా కోసమా? మీరే చెప్పండి. వార్తల్లో కొండలు చూపిస్తున్నారు, పెట్టెలు చూపిస్తున్నారు. అవి చూసే ధైర్యం ఆమెకి లేదు. నా గురించి ఏడిస్తే అపశకునం. కోడలి ముందు ఏడవకూడదు, పిల్లల ముందు ఏడవకూడదు. దయా కోసం అయితే ఏడవచ్చు. దానికి ఏ అడ్డూ లేదు.

ఇది మనకి కొత్త కాదు. మాది విజయనగరం నేల. హరికథకి పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు పుట్టి పెరిగిన ప్రాంతం. అభిమన్యుడు పద్మవ్యూహంలోంచి బయటికి రాడని కథ మొదలు కాకముందే అందరికీ తెలుసు. అయినా ఏటేటా అదే చోట కొంగులు తడుస్తాయి. చిన్నప్పుడు మా నాయనమ్మని అడిగాను, ఎప్పుడూ చచ్చిపోయేవాడే కదా, ఎందుకేడుస్తావు అని. "నాకూ ఉన్నాడురా ఒకడు" అంది. చిన్నతనంలో పోయిన మా పెదనాన్న మాట అది. ఆ తర్వాత ఎన్.టి.రామారావుగారిని రాముడిగా, కృష్ణుడిగా చూసి హారతులిచ్చాం. ఆయన క్యాలెండర్లు దేవుడి గదిలో పెట్టుకున్నాం. డిష్ యాంటెన్నా వచ్చాక మా కర్గీ రోడ్ ఆడవాళ్ళకి జెమిని టి.వి. దొరికింది. 2008 నుంచి 2013 దాకా మంజులా నాయుడుగారి "మొగలిరేకులు"లో పోలీసు అధికారి ఆర్.కె.నాయుడు ప్రతి ఇంటికీ అల్లుడో, తమ్ముడో అయిపోయాడు. ఆ పాత్ర వేసిన సాగర్‌గారిని ఈనాటికీ ఆర్.కె. అనే పిలుస్తారు. ఇంటిపేరు కంటే పాత్ర పేరు గట్టిపడింది.

మనవాళ్ళే ఇలాగ అనుకోకండి. 1893 డిసెంబరులో ఇంగ్లండులో కోనన్ డాయిల్ అనే రచయిత తన డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్‌ని ఒక జలపాతం దగ్గర చంపేశాడు. పాఠకులు కోపంతో ఆ పత్రికకి చందాలు మానేశారు. పదేళ్ళకి, 1903లో, హోమ్స్ అసలు చావనే లేదని కథ రాయక తప్పలేదు. మన ఎ.సి.పి.గారికీ అదే జరిగింది. 2024 డిసెంబరులో సి.ఐ.డి. మళ్ళీ మొదలైంది. 2025 ఏప్రిల్లో బాంబు పేలుడులో ప్రద్యుమన్ పోయినట్టు చూపించారు. చానల్ వాళ్ళు 1998–2025 అని వేసి శ్రద్ధాంజలి ప్రకటన కూడా పెట్టారు. అది చూసి శివాజీ సాటమ్‌గారే పోయారనుకుని కంగారు పడినవాళ్ళున్నారు. మా వీధిలో ఒకావిడ ఆ పూట అన్నం వండలేదు. జనం అంత గోల పెట్టాక కొన్ని వారాలకి ప్రద్యుమన్ మళ్ళీ తెర మీదికి వచ్చారు.

ఈ ఒకవైపు స్నేహం గురించి 1956లోనే అమెరికాలో హోర్టన్, వోల్ అనే ఇద్దరు పండితులు వ్యాసం రాశారని డిగ్రీ చదివే మా మేనకోడలు చెప్పింది. మనకి వాళ్ళు తెలుసు, వాళ్ళకి మనం తెలియదు, అయినా మన మనసు దాన్ని స్నేహంగానే లెక్కపెట్టుకుంటుందట. సరే, వాళ్ళు పేరు పెట్టారు. మా అమ్మ దీపం పెట్టింది.

మరో మాట కూడా ఇక్కడే చెప్పాలి, లేకపోతే పోలీసు శాఖలో ఉన్న మన పిల్లలు నన్ను తప్పు పడతారు. సీరియల్లో పద్ధతులు వేరు, చట్టం వేరు. చెంపదెబ్బ పడగానే నేరం ఒప్పేసుకోవడం, గంటలో కేసు తేలిపోవడం బయట ఉండవు. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో రుజువుగా చెల్లదు. పట్టుకున్నవాణ్ణి 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలి. మా అబ్బాయి చిన్నప్పుడు, నేను సెలవు మీద వస్తే, "నాన్నా, నువ్వు దయాలాగ తలుపు పగలగొట్టగలవా?" అని అడిగాడు. "పగలగొట్టగలను. బాగు చేయించడానికి మీ అమ్మ డబ్బులివ్వాలి" అన్నాను. అభిమానం మనుషుల మీద పెట్టుకుందాం. పద్ధతులకి మన రెగ్యులేషన్లు, దేశ చట్టాలు ఉన్నాయి.

సీరియల్ మంచి కూడా చేస్తుంది. 1989లో దూరదర్శన్‌లో "ఉడాన్" వచ్చినప్పుడు కవితా చౌధరిగారు వేసిన కల్యాణీ సింగ్ అనే ఐ.పి.ఎస్. పాత్రని చూసి ఎంతమంది ఆడపిల్లలు తల ఎత్తి నడిచారో! ఆ కథకి ఆధారం ఆవిడ అక్కగారు కంచన్ చౌధరి భట్టాచార్య. ఆవిడ 2004లో ఉత్తరాఖండ్ డి.జి.పి. అయ్యారు, ఈ దేశంలో ఒక రాష్ట్రానికి మొదటి మహిళా డి.జి.పి. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఇప్పుడు లేరు. కానీ మా లైన్లలో ఆ సీరియల్ చూసి పెరిగిన ఒక అమ్మాయి ఈ రోజు రైల్వే రక్షణ దళంలో యూనిఫారం వేసుకుంటోంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మా స్టేషను వెనక వీధిలో ఒక హవల్దార్‌గారున్నారు. ఆయన అనుమతితోనే చెబుతున్నాను. పేరు మాత్రం వద్దన్నారు. ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవరుగా 1980లో చేరి 2004లో పింఛనుకి వచ్చారు. భార్య కాలం చేశారు, పిల్లలు పుణెలో ఉద్యోగాలు. వయసులో నాకు పెద్ద కాబట్టి నేను అన్నా అంటాను. ఆయన నన్ను సాబ్ అంటారు. వద్దంటే వినరు. రోజూ రాత్రి భోజనం సి.ఐ.డి. పాత ఎపిసోడ్లతోనే. ఆయనకి ప్రద్యుమన్ అక్కర్లేదు, దయా అక్కర్లేదు. ఫ్రెడరిక్స్ కావాలి. దెయ్యాలంటే భయపడే ఫ్రెడరిక్స్, పెళ్ళాం పేరు చెప్పి నవ్వించే ఫ్రెడరిక్స్.

2023 డిసెంబరు 5న ఆ పాత్ర వేసిన దినేష్ ఫడ్నిస్‌గారు ముంబైలో కన్నుమూశారు. 57 ఏళ్ళు. ఆ రోజు నుంచి మా హవల్దార్‌గారు తలుపు తియ్యలేదు. పొయ్యి వెలిగించలేదు. పాల ప్యాకెట్టు గుమ్మం దగ్గరే ఉండిపోయింది. వీధిలో ఒకటే నవ్వు. "టి.వి.లో జోకరు పోతే ముసలాయన మైల పట్టాడు" అని.

రెండో రోజు సాయంత్రం నేను టీ ఫ్లాస్కు పట్టుకుని వెళ్ళాను. నాకు మా అమ్మ దీపం గుర్తుంది కదా. తలుపు తీసి, "మీరూ నవ్వండి సాబ్" అన్నారు. "నవ్వడానికి రాలేదన్నా, టీ తాగుదామని వచ్చాను" అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. గ్లాసు ఖాళీ అయ్యాక నేను ఒకటే అడిగాను. "ఫ్రెడరిక్స్ ఎవరిలాగ ఉంటాడన్నా?"

అప్పుడు చెప్పారు.

వాళ్ళ కాన్వాయ్‌లో ఒక మలయాళీ కుక్కు ఉండేవాడట. లావుగా, ఎప్పుడూ నవ్వుతూ. దెయ్యాలంటే భయం. రాత్రి బయటికి వెళ్ళాలంటే ఈయన్ని లేపేవాడు. "భాయీ, లాంతరు పట్టుకుని రా, నువ్వు ఊరికే నిలబడు చాలు" అనేవాడట. వీళ్ళు తెల్లదుప్పటి కప్పుకుని భయపెట్టేవారు. వాడు కెవ్వుమని అరిచేవాడు, పొద్దున్నే అందరికంటే ముందు వాళ్ళకే టీ తెచ్చిచ్చేవాడు. 2001 అక్టోబరులో సోన్‌మార్గ్ నుంచి జోజీలా ఎక్కుతున్నారు. ముందుగానే మంచు పడింది. ఆ ఘాట్ రోడ్డు మీద నడిచినవాళ్ళు ఈ హాల్లో ఉన్నారు, వివరం అక్కర్లేదు. వీళ్ళకి రెండు బళ్ళ ముందు వంట సామాను లారీ, అందులో ఆ కుక్కు. మలుపు దగ్గర చక్రం జారింది. లోయ.

కాన్వాయ్ ఆగడానికి లేదు. గేటు మూసే టైము దగ్గర పడింది, మంచు పెరుగుతోంది, వెనక నలభై బళ్ళున్నాయి. రికవరీ పార్టీని అక్కడ ఉంచి మిగతా బళ్ళని ముందుకి పంపారు. అది సరైన ఆర్డరే, ఆయనా అదే మాట అన్నారు. స్టీరింగ్ పట్టుకుని ద్రాస్ దాకా నడిపారు. రాత్రి గిన్తీ అయింది. ఆ పేరు పిలవలేదు. ఎవరో ఖిచిడీ వండారు, తిన్నారు, పడుకున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి బండి స్టార్ట్ చేశారు. తర్వాత సెలవు, తర్వాత వేరే పోస్టింగు, తర్వాత పింఛను, తర్వాత భార్య జబ్బు.

"నాకు ఏడవడానికి టైము దొరకలేదు సాబ్" అన్నారు. "ఈ ఫ్రెడరిక్స్ తెర మీద ఉన్నన్నాళ్ళూ వాడు ఎక్కడో ఉన్నట్టే ఉండేది. మొన్న ఆ కబురు విన్నాక వాడు నిజంగా పోయాడు."

22 ఏళ్ళండీ! 22 ఏళ్ళుగా ఆ మనిషి లోపల ఆ కాన్వాయ్ ఆగకుండా నడుస్తూనే ఉంది. ముంబైలో తనకి పరిచయమే లేని ఒక నటుడు చనిపోతే గాని ఆగలేదు.

అప్పుడు మేమిద్దరం ఒక పని చేశాం. ఆయన దగ్గర ఆ కుక్కు ఊరి పేరు ఒక పాత డైరీలో ఉంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలకి ఉత్తరాలు రాశాం. మూడు నెలలు పట్టింది. చివరికి అతని భార్య ఫోను నంబరు దొరికింది. ఆవిడ కొన్నాళ్ళు ఫ్యామిలీ క్వార్టర్లలో ఉన్నారు కాబట్టి హిందీ వచ్చు. హవల్దార్‌గారు పేరు చెప్పుకున్నారు. నేను ఆ రోజు ఆ కాన్వాయ్‌లో ఉన్నానమ్మా అన్నారు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగారు.

"ఆ రోజు పొద్దున తిన్నారా?"

"తిన్నాడు చెల్లెమ్మా. పూరీలు, ఆలూ కూర. అందరికీ పెట్టాకే తిన్నాడు" అన్నారు ఈయన.

ఇన్నేళ్ళుగా ఈ మాట ఎవరినడగాలో తెలియలేదు అన్నారట ఆవిడ. ప్రభుత్వం నుంచి రావలసినవన్నీ వచ్చాయి. పింఛను వచ్చింది, కాగితాలు వచ్చాయి. కానీ పూరీల సంగతి ఏ కాగితంలో ఉంటుంది? అది ఆ రోజు అతనితో కలిసి తిన్నవాడి దగ్గరే ఉంటుంది. ఇప్పుడు ఓనం పండక్కి అటు నుంచి ఫోను వస్తుంది, సంక్రాంతికి ఇటు నుంచి వెళ్తుంది. హవల్దార్‌గారు సి.ఐ.డి. ఇప్పటికీ చూస్తారు. ఫ్రెడరిక్స్ వస్తే నవ్వుతారు కూడా.

మిత్రులారా, మన ఉద్యోగంలో మనకి చాలా నేర్పారు. నడవడం నేర్పారు, ఆయుధం విప్పి మళ్ళీ బిగించడం నేర్పారు, ఆకలి ఆపుకోవడం నేర్పారు. దుఃఖాన్ని ఆపుకోవడం కూడా నేర్పారు. ఆ వేళకి అది అవసరం. ఆ రోజు జోజీలా మీద ప్రతి డ్రైవరూ బండి ఆపి ఏడిస్తే మరో పది బళ్ళు లోయలో ఉండేవి. అయితే ఆపుకున్నది ఎక్కడికీ పోదు. పింఛను కాగితాలతో పాటు మనతోనే ఇంటికి వస్తుంది. మన భార్యల విషయంలోనూ అంతే. మన తల్లుల విషయంలోనూ అంతే. ఎదురుచూసిన భయమంతా ఎక్కడో దాచుకున్నారు. ఏదో ఒక రాత్రి ఒక సీరియల్లో ఒక పాత్రకి కష్టం వస్తే అది బయటికి వస్తుంది.

కాబట్టి సభాముఖంగా నా మనవి ఇది. మీ ఇంట్లోగాని, మీ వీధిలోగాని ఒక పెద్దాయనో, పెద్దావిడో టి.వి. చూసి కళ్ళు తుడుచుకుంటే నవ్వకండి. చానల్ మార్చకండి. "అదంతా యాక్టింగే కదా" అని జ్ఞానబోధ చెయ్యకండి, వాళ్ళకి తెలుసు. పక్కన కూర్చోండి. ప్రకటనలు వచ్చినప్పుడు మెల్లిగా అడగండి, ఈ మనిషి ఎవరిలాగ ఉంటాడు అని. చాలామంది చెబుతారు. కొందరు చెప్పరు, అయినా మీరు అడిగిన సంగతి గుర్తుంచుకుంటారు.

పిల్లలకి కూడా ఒక మాట. మీ తాతయ్య ఎ.సి.పి. ప్రద్యుమన్ గురించి చెప్పిన సంగతే పదిసార్లు చెబితే విసుక్కోకండి. సొంత కొడుకు నకుల్ నేరస్థుడైతే ప్రద్యుమన్ తన చేత్తోనే కాల్చవలసి వచ్చిన కథ ఒకటుంది. అది చెబుతూ మీ తాతయ్య గొంతు మారితే ఒక్క క్షణం ఆగండి. డ్యూటీ కోసం ఆయన ఇంట్లో ఏమేం వదులుకున్నాడో, ఎవరి పెళ్ళికి రాలేకపోయాడో, ఎవరి చివరి చూపుకి అందలేదో అడగండి.

కార్యనిర్వాహక వర్గానికి ఒక సూచన. నవంబరు నెలలో మన పింఛనుదారుల్లో చాలామంది లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక, తర్వాత స్పర్శ్ వచ్చాక ఇంట్లో ఫోనుతోనే అయిపోతోంది. సౌకర్యమే, కాదనను. కానీ వెనకటికి ఆ పని మీద బ్యాంకు బెంచీ మీద కలిసేవాళ్ళం. ఇప్పుడు ఆ కలయిక కూడా పోయింది. బతికి ఉన్నామని కంప్యూటరుకి చెబుతున్నాం, ఒకరికొకరం చెప్పుకోవడం లేదు. అందుకని ఈ నవంబరు నుంచి బిలాస్‌పూర్ మొదలు కర్గీ రోడ్, బేల్‌గహ్నా, పెండ్రా రోడ్ దాకా ఈ లైన్ మీద ఒంటరిగా ఉన్న మాజీ సైనికుల ఇళ్ళకి, వీరనారుల ఇళ్ళకి ఇద్దరిద్దరం వెళ్దాం. సర్టిఫికెట్ పనిలో సాయం కావాలంటే చేద్దాం. ఆ పని అయ్యాక వెంటనే లేచి రావద్దు. రాత్రి ఆ ఇంట్లో ఏ సీరియల్ చూస్తారో అది వాళ్ళతో కలిసి ఒక ఎపిసోడ్ చూసి రండి. టీ పొడి, పంచదార మీరే తీసుకెళ్ళండి.

కర్గీ రోడ్ నుంచి పెండ్రా రోడ్ వరకు నేను, హవల్దార్‌గారు పేర్లు రాయించుకున్నాం. మిగతా స్టేషన్లకి పేర్లు కావాలి. కాగితం కార్యదర్శిగారి దగ్గర ఉంది. భోజనాలకి లేచే ముందే రాయండి.



జైహింద్.